ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లే పనిని ఫోన్‌లో నేర్చుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి గుంటూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, ఇంట్లోవాళ్లు సరిగ్గా చూడని పెద్దవాళ్లు ఉంటే వాళ్ల ఇళ్లకు వెళ్లి బాగోగులు కనుక్కోవడం మా పని. ఇప్పుడు మా అందరికీ ఆరు వారాల ఆన్‌లైన్ ట్రైనింగ్ పెట్టారు. రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా, ఇంగ్లీషులో. నేను వంటింట్లో ఫోన్ గోడకి ఆనించి వింటున్నాను. సగం బుర్రకెక్కడం లేదు. మా పెద్దమ్మ కూతురు అమెరికాలో అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్‌లో చేస్తోంది. వాళ్లకీ ట్రైనింగ్ చాలావరకు ఆన్‌లైన్‌లోనేనట. తన పాఠాలు కొన్ని నాకు పంపింది. చాలా బాగున్నాయి కానీ మన ఊరికి పనికొస్తాయా అని అనుమానం. ఇంకో సంగతి. పోయిన వారం ఏటుకూరు రోడ్డు వైపు ఒక ఇంటికి వెళ్తే అక్కడి మామ్మగారి చేతుల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. ఏమైందని అడిగితే 'నాకేం కష్టం లేదమ్మా' అన్నారు. కోడలు పక్కనే నిలబడి ఉంది. మా సూపర్‌వైజర్‌కి చెబితే 'ట్రైనింగ్‌లో చెబుతారులే' అన్నారు. అసలు ఈ పని ఆన్‌లైన్‌లో నేర్చుకునేదేనా?
– పేరు వద్దు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మామ్మగారు.

ఈ వారమే మళ్లీ వెళ్లండి. పోయినసారి వెళ్లిన వేళకి వద్దు. కోడలు పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకునే టైమో, కుళాయి వచ్చే టైమో కనుక్కుని వెళ్తే ఆవిడ కాసేపు విడిగా దొరుకుతారు. కోడలు కదలకపోతే 'మీ గది చూపించండి మామ్మగారూ' అనండి, బీపీ చూడాలని లోపలికి తీసుకెళ్లండి. ఇద్దరు కలిసి వెళ్తే ఇంకా మేలు. ఒకరు వరండాలో కోడలితో మాట్లాడుతుంటే ఇంకొకరు మామ్మగారి మంచం దగ్గర కూర్చోవచ్చు.

విడిగా దొరికారు కదా అని 'మీ కోడలు కొడుతుందా?' అని మాత్రం అడగొద్దు. అవునని ఎందుకు చెబుతారు? రాత్రికి ఆ ఇంట్లోనే అన్నం తినాలి. ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా ఉన్న రోజుల్లో నేను అడిగే ప్రశ్నలు వింటే మా కొత్త పిల్లలకి నవ్వొచ్చేది. రాత్రి ఎన్నింటికి తింటారు? ఎవరు పెడతారు? మాత్రలు ఎక్కడ పెట్టుకుంటారు? పింఛను వస్తే ఎవరి దగ్గర దాస్తారు? బ్యాంకు పుస్తకం ఆఖరుసారి ఎప్పుడు చూశారు? రాత్రి బాత్రూముకి లేస్తే ఎవరైనా లేచి లైటు వేస్తారా? ఈమధ్య ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేశారా? ఇవి వంట, నిద్ర, డబ్బు గురించిన మామూలు మాటలు. ఎవరి మీదా చాడీ చెబుతున్నట్టు ఉండదు కాబట్టి పెద్దవాళ్లు నోరు విప్పుతారు. దేని దగ్గర ఆగారో, దేనికి గుమ్మం వైపు చూశారో గమనించండి.

ఇక మచ్చలు. డెబ్బై దాటినవాళ్లలో చాలామందికి ముంజేతుల మీద, అరచేతి వెనక చర్మం పలచబడిపోయి గడియ తగిలినా ఊదారంగు మచ్చలు పడతాయి. గుండె జబ్బుకో పక్షవాతానికో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి మరీనూ. అందుకని మాత్రల స్ట్రిప్ చూడకుండా ఒక అభిప్రాయానికి రావద్దు. అదే భుజం కింద లోపలి వైపు, వేళ్లతో గట్టిగా పట్టుకున్నట్టు వరసగా ఉంటే, వీపు మీదో మెడ మీదో చెవి వెనకో ఉంటే, పాతవి పచ్చబడుతుండగానే పక్కన కొత్తవి కనిపిస్తే అనుమానించాల్సిందే. ఏదైనా సరే డాక్టరుకు చూపించే నెపం మీ చేతిలో ఉంది. 'రక్తం పలచబడింది ఏమో, ఒకసారి ప్రభుత్వ పెద్దాస్పత్రిలో చూపిద్దాం' అంటే ఏ కోడలూ కాదనదు.

చూసింది చూసినట్టే రాసుకోండి. 'కుడి చేయి, మోచేతికి పైన, లోపలి వైపు, రూపాయి బిళ్లంత మచ్చలు మూడు. మంచం తగిలిందని చెప్పారు. కోడలు పక్కన ఉంది.' అంతే. 'కోడలు కొడుతున్నట్టుంది' అని రాస్తే అది మీ ఊహ. రేపు కేసు ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కి వెళ్తే అక్కడ ఆ ఒక్క వాక్యం పట్టుకుని మీ నోట్సు మొత్తం కొట్టిపారేస్తారు. ఆవిడని అడక్కుండా ఫోటో తీయొద్దు. తీసినా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే అలాంటి ఫోటో ఒకటి తిరిగి తిరిగి ఆ ఇంటి కొడుకు ఫోన్‌కే చేరిన సంగతి నాకు తెలుసు. ఆ తర్వాత ఆ ఇంటి తలుపు ఎవరికీ తీయలేదు.

ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఆలోచించకుండా 112, ఆస్పత్రి అవసరమైతే 108. మామూలుగా అయితే పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ 14567. అది ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకే పనిచేస్తుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి. ఆ లైన్ 2017లో హైదరాబాద్‌లో చిన్నగా మొదలై 2021లో దేశమంతా వచ్చింది.

ఇప్పుడు ట్రైనింగ్. మీ అక్క పంపిన పాఠాలు పారేయకండి, కానీ ఒక తేడా తెలుసుకుని చదవండి. అమెరికాలో ఏపీఎస్ (అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్) అంటే రాష్ట్ర చట్టం కింద నడిచే ప్రభుత్వ సర్వీసు. ఫిర్యాదు వస్తే విచారించాల్సిన బాధ్యత మీ అక్కదే. 2024 మేలో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఈ సర్వీసుకి మొదటిసారి దేశమంతటికీ వర్తించే నిబంధనలు తెచ్చింది. వెంటనే ప్రమాదం ఉన్న కేసుకి 24 గంటల్లో, మిగతావాటికి 7 రోజుల్లో స్పందించాలి. పెద్దవాళ్లతో పాటు 18 నిండిన, తమను తాము కాపాడుకోలేని వికలాంగులు కూడా వాళ్ల పరిధిలోకి వస్తారు. అక్కడి ఏపీఎస్ ఉద్యోగుల జాతీయ సంఘం మూల పాఠాలు 23 తయారుచేసింది. మీకొచ్చినవి బహుశా వాటిలోవే అయుంటాయి.

మీ సంగతి అలా కాదు. మీరు స్వచ్ఛంద సంస్థ మనిషి. ఆ గుమ్మం లోపల మీకు ఏ అధికారమూ లేదు, వాళ్లు కూర్చోమంటేనే కూర్చుంటారు. విచారణ ఎలా జరపాలో చెప్పే పాఠం చదివి ఏటుకూరు రోడ్డులో ఇన్‌స్పెక్టరులా మాట్లాడితే మరుసటి నిమిషం మీరు బజార్లో ఉంటారు. కాబట్టి విచారణ పాఠాలు పైపైన చూడండి. నోట్సు రాసే పద్ధతి, డబ్బు కాజేసేవాళ్ల గుర్తులు, మతిమరుపు ఉన్నవాళ్లతో మాట్లాడటం, తనను తాను పట్టించుకోని మనిషి గురించిన పాఠం – ఇవి శ్రద్ధగా చదవండి. ఈ ఆఖరుదాని మీద మన దగ్గర ఎవరూ మాట్లాడరు. అమెరికాలో ఏపీఎస్‌కి వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికంటే ఎక్కువ ఇదే రకం. ఎవరూ కొట్టరు, ఎవరూ తిట్టరు. ఆ మనిషే స్నానం మానేసి, మందులు మానేసి, తలుపు వేసుకుని కూర్చుంటారు. మన వీధుల్లో ఇలాంటివాళ్లు లేరా? 'ఆయనకి చాదస్తం' అని వదిలేస్తాం.

అసలు పాఠం ఒకటుంది. నా దృష్టిలో మీ ఆరు వారాలూ ఆ ఒక్కదాని కోసమే పెట్టినా తప్పులేదు. నిర్ణయం ఎవరిది? మామ్మగారికి బుర్ర చక్కగా పనిచేస్తోంది అనుకోండి, అన్నీ విని 'నేను ఇక్కడే ఉంటానమ్మా, వాడు నా కొడుకు, నువ్వు ఎవరికీ చెప్పకు' అన్నారనుకోండి. ఏం చేస్తారు? మీ అక్కవాళ్లకి కూడా మొదటి సూత్రం ఇదే. తెలిసి వద్దన్న మనిషిని రక్షణ పేరుతో లాక్కుపోకూడదు. అలాగని 'సరే మీ ఇష్టం' అని ఫైలు మూసేయకూడదు. నంబరు కాగితం మీద రాసి ఎక్కడ పెట్టుకుంటారో ఆవిడనే అడగాలి. మందులకనో బీపీకనో మళ్లీ వెళ్తూ ఉండాలి. ఏ చిన్న సాయానికి ఒప్పుకుంటారో అది చేయాలి. ఒక్క మెట్టు దిగే సాయమే అయినా సరే.

అయితే ఆవిడ మాటలు ఉన్నట్టుండి తికమకగా మారితే సంగతి వేరు. మొన్న బాగానే మాట్లాడిన మనిషి ఇవాళ కొడుకుని గుర్తుపట్టకపోతే అది వయసు అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, న్యుమోనియా, కొత్తగా ఇచ్చిన నిద్రమాత్ర – ఇలాంటివి పెద్దవాళ్లలో బుర్రని రెండు రోజుల్లో తిప్పేస్తాయి. ముందు ఆస్పత్రి, తర్వాత ఇష్టాయిష్టాల మాట.

ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో వీడియో చూస్తే రాదు. ఎవరో ఒకరు మామ్మగారై, ఒకరు కోడలై, మీరు మీరై, అచ్చ తెలుగులో గట్టిగా ఆడి చూడాలి. జూమ్‌లోనూ అది చేయొచ్చు, ముగ్గురేసి చొప్పున గదులుగా విడగొడతారు. మీ క్లాసులో అలా చేయిస్తున్నారా? లేక ఎవరో స్లైడ్లు చదువుతుంటే మీరందరూ కెమెరా ఆపేసుకుని చివర పది ప్రశ్నల క్విజ్ నింపుతున్నారా? రెండోదైతే ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోండి, గోడకి బాగుంటుంది. మీ సూపర్‌వైజర్‌ని మర్యాదగా అడగండి: ఆదివారం కాకుండా ఏదో ఒక పూట మేమందరం ఆఫీసులో కూర్చుని మా కేసులే పెట్టుకుని తెలుగులో ఆడి చూడొచ్చా? క్లాసులయ్యాక మొదటి కొన్ని ఇళ్లకి ఎవరైనా పెద్దవాళ్లు మాతో వస్తారా? ఈ గంటన్నర డ్యూటీ కిందికి వస్తుందా? మూడోది అడగడానికి మొహమాటపడతారు, నాకు తెలుసు. అడగాలి. రాత్రి వంట టైములో ఆడపిల్లలకి క్లాసు పెట్టి నేర్చుకోలేదని అంటే ఎలా?

వంటింట్లో వినడం మాత్రం మానేయండి. పప్పు పొంగుతుందనే టెన్షన్ ఒకటి, ఇంట్లో పిల్లలుంటే ఆ మాటలన్నీ వాళ్ల చెవిన పడతాయి, అది రెండు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పుస్తకం పట్టుకుని, వేరే గదిలో కూర్చోండి. తోటి ఉద్యోగి ఇల్లు దగ్గరైతే ఇద్దరూ ఒక చోట కూర్చుంటే ఇంకా మంచిది. అర్థంకాని ఇంగ్లీషు ముక్కని పక్కవాళ్లని అడిగితే పోతుంది.

చట్టం ముక్క మీ అక్క పాఠాల్లో దొరకదు, అది ఇక్కడే నేర్చుకోవాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 నిండిన ఎవరైనా ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. ఆయన తరఫున వేరొకరో సంస్థో కూడా పెట్టొచ్చు, ఆయన ఒప్పుకుంటే. నోటీసు వెళ్లినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30. పోషణ ఖర్చు నెలకి 10,000 రూపాయలు దాటదు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి ఎవరికి వస్తుందో ఆ బంధువుని అడగొచ్చు. వదిలేసి పోయినవాళ్లకి మూడు నెలల జైలో 5,000 జరిమానానో రెండూనో పడొచ్చు.

మన వైపు ఎక్కువగా పనికొచ్చేది 23వ సెక్షన్. చూసుకుంటామని చెప్పి ఇల్లు రాయించుకుని, తర్వాత చూడకపోతే ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. చూసుకోవాలన్న షరతు మీదే ఇచ్చినట్టు తేలాలని 2022లో సుప్రీంకోర్టు అంది. పెద్దవాళ్ల మేలు కోసం పుట్టిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలని 2025 జనవరిలో ఇంకో కేసులో చెప్పింది. కాబట్టి దానసెటిల్మెంట్ చేయబోతున్న పెద్దవాళ్లు ఎవరైనా కనిపిస్తే 'ఆ షరతు కాగితంలో రాయించండి' అని చెప్పడం మీ పనిలో భాగమే అనుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక చెప్పడం కంటే ముందు చెప్పడం ఎంత సులువో! బాధితులు వికలాంగులైతే 2016 వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి, అంటే మన మండలంలో తహసీల్దారుకి, సమాచారం ఇవ్వొచ్చు.

ఇంకా చదవాలనిపిస్తే ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ పెద్దవాళ్ల సంరక్షణ మీద శిక్షణలు నడుపుతుంది. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు మానసిక ఆరోగ్యం మీద ఆన్‌లైన్ క్లాసులు చెబుతారు. రెండూ మన దేశం కేసులతో చెప్పేవే.

ప్రశ్న: నేను విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక వార్డు సచివాలయంలో చేస్తాను. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వెళ్తే ఒక ఇంట్లో ముసలాయన వేలిముద్ర వేయగానే కొడుకు చేయి చాపి 4,000 తీసేసుకుంటాడు. ఆయన ఏమీ అనడు. నేను కల్పించుకోవచ్చా? మాకేమీ ట్రైనింగ్ లేదు.
– ఒక ఉద్యోగి

జవాబు: కొడుకు తీసుకోవడమే తప్పు అనుకోకండి. చాలా ఇళ్లలో ఆ డబ్బు మందులకే పోతుంది, తండ్రే ఇచ్చేయమంటాడు. కనుక్కోవాల్సింది ఆయన ఇష్టం. డబ్బు ఆయన చేతిలోనే పెట్టండి, నోట్లు పైకి లెక్కపెట్టండి, 'తాతగారూ, ఎవరి దగ్గర ఉంచమంటారు?' అని ఆయన మొహం చూసి అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి మీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. వచ్చే నెల కూడా అలాగే చేయండి. సన్నబడుతున్నాడా, బట్టలు మారుతున్నాయా, గదిలో వాసన వస్తోందా చూడండి. అనుమానం గట్టిపడితే 14567కి మీరే చేయొచ్చు.

నన్నడిగితే ఆన్‌లైన్ ట్రైనింగ్ ముందు పెట్టాల్సింది మీలాంటివాళ్లకి. నెలకోసారి ప్రతి ముసలివాళ్ల మొహమూ చూసే మనిషి ఊరు మొత్తం మీద మీరే. కొడుకులు కూడా చూడరు కొందరివి. దానికి ఆరు వారాలు అక్కర్లేదు, రెండు గంటలు చాలు: ఏం చూడాలి, ఏం అడగాలి, ఎవరికి చెప్పాలి. బుడమేరు నీళ్లు 2024 సెప్టెంబరులో మీ వైపు ముంచెత్తినప్పుడు మంచం దిగలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో తెలిసి ఉండటం ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ లిస్టు ఒకటి ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మీరు ఎప్పుడూ పెద్దవాళ్ల వైపే రాస్తారు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. అన్నీ నేనే చేస్తున్నాను. మొన్న ఎవరో సోషల్ వర్కర్ అమ్మాయి వచ్చి నన్ను దొంగని అడిగినట్టు అడిగింది. ఈ ట్రైనింగులు వాళ్లకి ఏం నేర్పుతున్నాయండీ?
– ఒక కోడలు, పటమట, విజయవాడ

జవాబు: కోపం న్యాయమైనదే. సీరియళ్లలో కోడలే దోషి కాబట్టి కొత్త పిల్లలు కూడా ఆ కళ్లద్దాలతోనే వస్తారు. నేను చూసిన ఆస్తి కేసుల్లో మాత్రం సంతకాలు పెట్టించుకున్నది ఎక్కువగా కొడుకులే. పైన బ్రాడీపేట అమ్మాయికి కోడలితో విడిగా మాట్లాడమని చెప్పింది కూడా అందుకే. మంచంలో ఉన్న మనిషిని చూసే మనిషికి నిద్ర ఉందా, నడుం పనిచేస్తోందా, ఆవిడకి ఒక పూట సెలవు ఎవరైనా ఇస్తున్నారా అని అడగని సోషల్ వర్కర్ సగం పనే చేసినట్టు.

ఈసారి ఆ అమ్మాయి వస్తే మీరే పని చెప్పండి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఎలా తిప్పాలో చూపించమనండి, గాలి పరుపు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమనండి. పక్షవాతంతో మంచానికి పరిమితమైనవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం పింఛను నెలకి 15,000 ఉంది. డాక్టరు సర్టిఫికెట్ కావాలి, మీ అత్తగారికి వస్తుందేమో సచివాలయంలో అడిగి చెప్పమనండి. మీకు మరీ విసుగొచ్చి అరిచేయాలనిపించే రోజు 14416కి చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. మీ ఆయనని ఆదివారం ఒక పూట తల్లి దగ్గర కూర్చోబెట్టి మీరు బయటికి వెళ్లండి. ఆయనకి ట్రైనింగ్ మీరే ఇవ్వాలి.